గుడ్డ కడితే రాను

మా ఊరికి వచ్చేవాళ్ళు బస్సు దిగగానే అడిగే మొదటి ప్రశ్న ఈ ఏడాది మారిపోయింది. ఇదివరకు "జలపాతానికి దారెటు?" అనేవారు. ఇప్పుడు "ఆ పడవావిడ ఎవరండీ?" అంటున్నారు. మనం నోరు తెరిచేలోగా కథంతా వాళ్ళే చెప్పేస్తారు. నలుగురు కుర్రాళ్ళను సరస్సు అవతలి ఒడ్డున అడవిలో దింపిందట. సాయంత్రం గాలి లేస్తే వాళ్ళు ఎర్రగుడ్డ కట్టి మరీ పిలిచారట. ఆవిడ మాత్రం ఇవతలి ఒడ్డున తీరిగ్గా కూర్చుని టీ తాగుతూ చోద్యం చూసిందట. బయటివాళ్ళంటే ఆవిడకు కడుపుమంటట. లాడ్జివాళ్ళ మోటారు బోటు వెళ్ళి తీసుకురాకపోతే ఆ నలుగురూ ఎలుగుబంట్లకు ఫలహారం అయిపోయేవారట.

మొన్న ఒక పెద్దావిడ నన్ను ఆపి, "వీటిలో ఆవిడ ఇల్లేదమ్మా? దూరం నుంచి ఒక్క ఫొటో తీసుకుంటాం" అంది. జంతువుల బోనెక్కడని అడిగినట్టు అడిగింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గోడవైపు తిరిగి నిలబడ్డాను.

నేను మాటకారిని కాను. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. తొమ్మిది చదవాలంటే కొండ దిగి వెళ్ళి అక్కడే ఉండాలి. సరిగ్గా ఆ ఏడాదే మా అమ్మ నడుము దెబ్బతిని మంచం పట్టింది. అప్పటినుంచి లాడ్జిలో పన్నెండు గదుల దుప్పట్లు ఉతికి మేడమీద ఆరేసే పని చేశాను. నలుగురిలో నా గొంతు పెగలదు. కాగితం అయితే మధ్యలో అడ్డు రాదు కాబట్టి జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

ఆమెను ఊరంతా తెడ్లత్త అంటారు. వయసు యాభై ఎనిమిది. పడవ తండ్రి దగ్గర నుంచి వచ్చింది. మగపిల్లలు లేక ఆమెకు ఇచ్చారనుకునేరు, ఇద్దరు తమ్ముళ్ళున్నారు. వాళ్ళకు కొండ దిగి బస్సులు తోలుకోవడం నచ్చింది, ఈమెకు తెడ్లు నచ్చాయి. మనిషి పొట్టి. భుజాలు మాత్రం తలుపు రెక్కల్లా ఉంటాయి. ఆమె భర్త టైలర్ మామ. "మీ అత్తకు కోటు కుట్టాలంటే టేపు చాలదే, రెండు అతికించాలి" అని నాతో అంటూ ఆమెను ఏడిపిస్తాడు. ఆయనకు నీళ్ళంటే చచ్చేంత భయం. సరస్సు ఒడ్డున పుట్టి, పడవ నడిపే మనిషిని చేసుకుని, ఏనాడూ మోకాటి లోతు దిగినవాడు కాడు.

"మీ మామ స్నానం చేసేటప్పుడు కూడా బకెట్టుకు ఆమడ దూరంలో నిలబడతాడే" అంటుంది అత్త.

"నీళ్ళను నమ్మకూడదు" అంటాడు మామ పంటితో దారం కొరుకుతూ.

"మరి నన్నెలా నమ్మావు?"

"ఇంకా ఆలోచిస్తూనే ఉన్నా."

వాళ్ళది రేవుకు పైన రెండు గదుల ఇల్లు. ముందుగదిలో కుట్టు మిషను, బట్టల మూటలు, గోడకు చాక్‌పీసు గీతలు. మిషనును కిటికీవైపు తిప్పి పెట్టుకున్నాడు మామ. సరస్సు అందం చూడటానికి కాదు. పడవ తిరిగొస్తోందా లేదా అని కుట్టుకుట్టుకీ తలెత్తి చూసుకోవడానికి.

మా సరస్సు పొడవుగా, సన్నగా ఉంటుంది. రెండు చివరలా కొండరాయి నిట్టనిలువుగా నీళ్ళలోకి దిగిపోతుంది కాబట్టి అవతలికి నడిచి వెళ్ళే దారి లేదు. అవతల దేవదారు అడవి. అడవిలో రెండు గంటలు నడిస్తే జలపాతం, ఆపైన గడ్డిమైదానం, దానిపైన మంచు. నేను సెలవు దొరికిన రోజుల్లో అత్త పడవలో వెళ్ళేదాన్ని. చెట్టు బెరడు మీద ఎలుగుబంటి గోళ్ళ గీతలు, డేగ గూడు కింద రాలిన చేపముళ్ళు, బురదలో జింక డెక్కల గుర్తులు, అన్నీ ఆమే చూపించింది. చూపించేటప్పుడు గొంతు తగ్గిస్తుంది. "ఇది వాళ్ళ ఇల్లే. మనం చుట్టపుచూపుగా వచ్చాం. వచ్చినవాళ్ళకు ఎప్పుడు లేచి వెళ్ళాలో తెలిసుండాలి" అనేది.

తెడ్లు వేసేవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చుంటారు. ఎక్కినవాళ్ళు ముందుకు చూస్తూ కొండలు, మంచు అని మురిసిపోతుంటే, ఆమె మాత్రం వాళ్ళ ముఖాలనూ, వదిలి వచ్చిన ఒడ్డునూ చూస్తూ పడవ నడుపుతుంది. అందుకే ఎవరికి భయం, ఎవరికి ఆకలి, ఎవరు ఎవరిమీద అలిగారు, అన్నీ ఆమెకు తెలిసిపోయేవి.

ఇప్పుడు గుడ్డ సంగతి చెప్పాలి. గొడవంతా దానిదే.

అవతలి రేవులో బెరడు తీసిన మాను ఒకటి పాతి ఉంది. రెండు నిలువుల ఎత్తు. దానికి గుడ్డ కడితే ఇవతల నుంచి బాగా కనిపిస్తుంది. కట్టెలకనీ పుట్టగొడుగులకనీ అవతలికి వెళ్ళినవాళ్ళను తీసుకురావడానికి, సూర్యుడు పడమటి శిఖరం వెనక్కి పోయేలోగా పడవ వెళ్ళి తీరుతుంది. ఎవరూ పిలవక్కర్లేదు. ఎప్పుడైనా గాలి లేచి సరస్సు పొంగితే, అవతలివాళ్ళు అక్కడి చెక్కగుడిసెలో ఆగిపోతారు. దాంట్లో పొయ్యి ఉంది, ఎండుకట్టెలు ఉంటాయి, తలుపుకు తాళం ఉండదు. ఆగిపోయేవాళ్ళు ఆ మానుకు గుడ్డ కడతారు. "మేం బాగానే ఉన్నాం, మాకోసం నువ్వు ప్రాణం మీదికి తెచ్చుకోకు" అని దాని అర్థం. అంటే గుడ్డ ఉంటే రావద్దని. లేకపోతే రమ్మని.

పడవ ఎక్కిన ప్రతివాళ్ళకూ తెడ్లత్త ఈ మాట చెబుతుంది. "గుడ్డ కడితే రాను. కట్టకపోతే వస్తాను. గుర్తుంచుకోండి." వాళ్ళు నవ్వుతారు. తిరగేసి చెబుతున్నావు ఆంటీ అంటారు. అప్పుడామె అనే మాట నాకు కంఠతా వచ్చు: "పిలవడానికి గుడ్డెందుకు బాబూ? పిలవకపోయినా వస్తాంగా. వద్దని చెప్పడానికే గుడ్డ."

ఇంత చిన్న సంగతి ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తెలియనిది ఒక్క అల్లుడుగారికే.

అల్లుడుగారంటే లాడ్జి యజమాని కూతురి భర్త. మామగారికి పక్షవాతం వచ్చాక పోయినేడు వచ్చి పెత్తనం తీసుకున్నాడు. ఊరంతా ఆయనను అల్లుడుగారు అనే పిలుస్తుంది, ఊరుమ్మడిగా పిల్లనిచ్చినట్టు. ఆయన రాగానే మోటారు బోటు వచ్చింది. దానికంటే ముందు బోర్డులు వచ్చాయి. ఆయనకు బోర్డులంటే పిచ్చి. "ఇక్కడ నిలబడి ఫొటో దిగండి." "ఇక్కడ మౌనంగా కొండను వినండి." మెట్లమీద "నవ్వుతూ ఎక్కండి." తడిదుప్పట్ల బుట్ట నెత్తిన పెట్టుకుని ఆ మెట్లు రోజుకు పదిసార్లు ఎక్కేదాన్ని. ఒక్కసారీ నవ్వు రాలేదు.

ఒకరోజు మేడమీద నా దుప్పట్ల పక్కనే ఒక చెక్కమీద నీలిరంగుతో రాసి ఆరబెట్టాడు. గాలికి క్లిప్పు ఊడి ఒక దుప్పటి వెళ్ళి దానిమీద పడింది. పరిగెత్తి తీసేసరికే అక్షరాలన్నీ దుప్పటికి అంటుకున్నాయి. బోర్డు మీద ఇలా ఉంది: "పడవ కావాలా? ఈ మానుకు గుడ్డ కట్టండి. వెంటనే పడవ మీ ముందుంటుంది."

చదివాను. తప్పు అని తెలిసిపోయింది. ఈలోగా అల్లుడుగారు పైకి వచ్చాడు.

"కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు? బోర్డు పాడుచేశావు. ఆ దుప్పటి ఇంక గదిలో వేయడానికి లేదు. మసిగుడ్డలకు చింపు."

"అలాగేనండీ" అన్నాను. అది కాదండీ, మీరు రాసిందే తప్పు అనే మాట గొంతుదాకా వచ్చింది. నీళ్ళు నమిలాను. ఇంత పెద్దవాళ్ళు ఎవరినీ అడక్కుండా రాస్తారా, ఎవరైనా చూసి చెప్పకపోతారా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కొత్త దుప్పటి కావడంతో చింపబుద్ధి కాక, మడిచి గుడ్డల గుట్ట అడుగున పెట్టాను. నా ఈ పిరికితనాన్ని కూడా జరిగినదాంట్లో కలిపి లెక్కేసుకోవాలి. నేను తప్పించుకోను.

ఇది జరిగిన రెండో రోజు పొద్దున తెడ్లత్త ఆ నలుగురినీ అవతలికి తీసుకెళ్ళింది. వాళ్ళ నాయకుడు టోపీ పెట్టుకున్న కుర్రాడు. దారి పొడుగునా చెవుల్లో ఏవో పెట్టుకుని, ఫోను తనవైపు తిప్పుకుని మాట్లాడుతూనే ఉన్నాడట. ఆమె మామూలుగానే గుడ్డ మాట చెప్పింది. నలుగురూ తలూపారు. ఆమె దింపి వచ్చేసింది. పదకొండు గంటలకు అల్లుడుగారు మోటారు బోటులో వెళ్ళి ఆ మానుకు బోర్డు కొట్టి వచ్చాడు. అప్పుడు సరస్సు అద్దంలా ఉంది.

మధ్యాహ్నం మూడింటికి గాలి లేచింది. నా దుప్పట్లు తీగమీద అడ్డంగా నిలబడ్డాయి. ఒక దిండుగలీబు తప్పించుకుని రేవుదాకా ఎగిరిపోయింది. దానికోసం కిందికి దిగాను. తెడ్లత్త అప్పటికే తెడ్లు భుజాన వేసుకుని పడవ దగ్గర నిలబడి ఉంది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని అవతలికి చూసి, తెడ్లు దించేసింది.

"కట్టారే, ఎర్రది. తెలివైన పిల్లలే. గుడిసెలో ఉంటారులే. ఈ గాలిలో వెళ్ళమంటే నాకూ గుండె దడే."

మామ కిటికీలోంచి టీ గ్లాసు అందించాడు. ఆమె పడవ అంచున కూర్చుని, అవతలి ఒడ్డునే చూస్తూ తాగింది. ఊరూరా తిరుగుతున్న వీడియో అదే. టోపీ కుర్రాడు ఫోనులో దూరం దగ్గర చేసి, సరిగ్గా ఆ గ్లాసు దగ్గర ఆపాడు. ఆమె ఇంటికి పోయి పడుకోకుండా ఎందుకు అక్కడే కూర్చుందో ఒక్కడూ అడగడు.

అరగంట గడిచింది. ఉన్నట్టుండి ఆమె, "పొగేదే?" అంది.

"ఏం పొగత్తా?"

"గుడిసెలో ఉంటే పొయ్యి వెలిగించుకుంటారు కదా. గొట్టంలోంచి పొగ రావాలి. ఇంత చలిలో పొయ్యి లేకుండా ఎవరుంటారు?" లేచి నిలబడింది. "ఉంటామని గుడ్డ కట్టారు. పొగ లేదు. ఇదేం లెక్క?"

నాకు బోర్డు గుర్తొచ్చింది. "అత్తా, వాళ్ళు పిలుస్తున్నారేమో."

"గుడ్డ కట్టి పిలవడమేమిటే?"

బోర్డు సంగతి చెప్పాను. ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఎప్పుడు చూశావు?"

"మొన్న."

"మొన్నా!"

అంతే అంది. ఆ ఒక్క మాట ఇప్పటికీ నన్ను తింటోంది. వెంటనే, "పరిగెత్తు. మోటారు బోటు తీయమను. అది వేగంగా పోతుంది" అంది.

పరిగెత్తాను. అల్లుడుగారు వరండాలో అద్దాల వెనక నిలబడి అలలు చూస్తున్నాడు. నేను చెప్పింది వినగానే ముఖం పాలిపోయింది. బోర్డు గుర్తొచ్చి ఉంటుంది. "ఇంజను కొత్తది. ఇంత గాలిలో తీయొద్దని అమ్మినవాళ్ళు గట్టిగా చెప్పారు" అన్నాడు. గంభీరంగా, ఇంజనుకు జ్వరమొచ్చినట్టు చెప్పాడు.

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. నేను తిరిగి వచ్చేసరికే నీళ్ళు తోడే డబ్బాలు రెండు పడవలో వేసేసింది. మామ వచ్చి పడవ ముక్కు పట్టుకున్నాడు. వెళ్ళొద్దంటాడేమో అనుకున్నాను. అనలేదు. తోశాడు. అల వచ్చి వెనక్కి నెడితే మళ్ళీ తోశాడు. పడవ కదిలేసరికి నడుందాకా నీళ్ళలో ఉన్నాడు. అది ఆయనకు తర్వాతగానీ తెలియలేదు. ఒడ్డెక్కి కిందికి చూసుకుని, "నేను కుట్టిన ప్యాంటే" అన్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. చలికో, భయానికో.

కిటికీ దగ్గర ఇద్దరం నిలబడ్డాం. పడవ కనిపించేది, మాయమయ్యేది. కనిపించినప్పుడు మామ ఊపిరి వదిలేవాడు. మిగతా సమయమంతా మిషను చక్రం పట్టుకుని నిలబడ్డాడు.

మామూలుగా నలభై నిమిషాల దారి. ఆరోజు వెళ్ళడానికే గంట దాటింది. నలుగురూ మాను కింద ముడుచుకుని ఉన్నారట. నలభై అడుగుల దూరంలో గుడిసె. తాళం లేదు. తలుపు తోసి చూడాలని ఒక్కడికీ తోచలేదు. ఆమె వాళ్ళను ఒక్క మాట కూడా అనలేదు. నలుగురినీ పడవ అడుగున కూర్చోబెట్టి, ఇద్దరి చేతికి డబ్బాలిచ్చి నీళ్ళు తోడమంది. వెనక నుంచి గాలి తోసింది కాబట్టి రావడం కొంచెం నయం. ఇళ్ళల్లో దీపాలు పెట్టే వేళకు కొండచాటున నీళ్ళు నిలకడగా ఉన్న మూలకు చేరారు. ఇంక యాభై గజాలు ఉంది.

అప్పుడు కదిలింది మోటారు బోటు. లైటు వేసుకుని, భోంయ్ భోంయ్ మని హారను కొట్టుకుంటూ వెళ్ళి తాడు విసిరింది. ఆ యాభై గజాలు లాక్కొచ్చింది. లాడ్జి కంబళ్ళు కప్పి, మోటారు బోటు ముందు ఆ నలుగురినీ నిలబెట్టి ఫొటో తీశారు. ఫొటోలో అల్లుడుగారు మధ్యలో ఉన్నాడు. తెడ్లత్త లేదు. ఆమె వెనకాల పడవలో నీళ్ళు తోడుతోంది. అరచేతుల కాయలు పగిలి, తెడ్ల పిడులు ఎర్రబడి ఉన్నాయి. మామ గుడ్డముక్కలు తెచ్చి కట్లు కట్టాడు.

మర్నాడు తెల్లవారుతూనే మోటారు బోటు అవతలికి వెళ్ళి వచ్చింది. మేడమీది నుంచి చూశాను. ఆ తర్వాత మానుకు బోర్డు లేదు. మూడో రోజున వీడియో వచ్చింది. దాని వెనకే ఆ ఫొటో. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే కథ దానంతటదే తయారైంది.

వారం తిరక్కముందే అత్తను ఊరి కమిటీ ఆఫీసుకు రమ్మన్నారు. తెడ్లత్తకు ఇక రేవులో పడవ పెట్టే హక్కు ఉండాలా వద్దా అన్నది తేల్చాలట. ఆ గదిలో ఒక బల్ల, ఒక కాలు పొట్టిదైన బీరువా, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు. ప్రెసిడెంటు బల్ల వెనక, అల్లుడుగారు పక్కన. తెడ్లత్తను కూర్చోమని ఎవరూ అనలేదు. మామే ఒక కుర్చీ లాగి, "కూర్చో. నిలబడితే చిన్నపిల్లవనుకుంటున్నారు" అన్నాడు. వచ్చినవాళ్ళంతా గోడల పొడుగునా నిలబడ్డారు. ముప్పై ఏళ్ళుగా ఆమె పడవలో కట్టెలు తెచ్చుకున్నవాళ్ళే అందరూ. ఒక్కరి నోట్లోనూ నాలుక లేదు. లాడ్జికి పాలు పోసేవాళ్ళు కొందరు, గదులు ఊడ్చేవాళ్ళు కొందరు. నేనూ వాళ్ళలో ఒకదాన్నే.

ప్రెసిడెంటు ఫోనులో వీడియో చూపించాడు. "ఇది నువ్వేనా?"

"నేనే."

"టీ తాగుతున్నావా లేదా?"

"తాగుతున్నాను. గ్లాసు కనిపిస్తోందిగా."

ఎవరో నవ్వారు. ప్రెసిడెంటు నవ్వలేదు. "గుడ్డ కట్టి పిలుస్తుంటే ఎందుకు వెళ్ళలేదు?"

"గుడ్డ కడితే రావద్దని కదయ్యా. మీ నాన్న కట్టలేదూ? మీరు పుట్టిన రోజున ఆయన అవతలే ఉన్నాడు. గాలి లేస్తే పైపంచె విప్పి కట్టాడు. మా నాన్న వెళ్ళలేదు. ఆ కోపం ఎవరికీ రాలేదే!"

గదిలో ఈసారి గట్టిగానే నవ్వారు. ప్రెసిడెంటు చెవులు ఎర్రబడ్డాయి.

"అది మన వాళ్ళకు. బయటివాళ్ళకు ఎలా తెలుస్తుంది?"

"చెప్పాను. అయినా అక్కడ బోర్డు ఇంకోలా చెప్పింది."

"ఏ బోర్డు?" అన్నాడు అల్లుడుగారు. "అక్కడ బోర్డే లేదు. కావాలంటే వెళ్ళి చూడండి."

అంత పచ్చి అబద్ధాన్ని కన్నార్పకుండా అన్నాడు. నాకు ఏమైందో తెలియదు. ఒక్క పరుగున లాడ్జికి వెళ్ళాను, గుడ్డల గుట్ట అడుగు నుంచి ఆ దుప్పటి లాగాను, తిరిగి వచ్చాను.  మాట్లాడే పని లేదు. మామకు ఒక కొస ఇచ్చి, రెండో కొస నేను పట్టుకుని కిటికీ ముందు పరిచి నిలబెట్టాం. ముందు నుంచి చూస్తే అక్షరాలు తిరగబడి ఉన్నాయి. కిటికీ వెలుగు పడి వెనకవైపు నుంచి చూస్తే తిన్నగా ఉన్నాయి. గోడ దగ్గర ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ఇటు వచ్చి, కూడబలుక్కుని పైకే చదివారు. "పడవ... కావాలా... ఈ మానుకు... గుడ్డ కట్టండి."

ఇక అయిపోయింది, న్యాయం జరిగింది అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

"అది ఊరికే రంగు చూడటానికి రాసింది" అన్నాడు అల్లుడుగారు. మళ్ళీ ఆయనే, "రాసినా మంచి కోసమే రాశాను. ప్రపంచంలో ఎక్కడైనా గుడ్డ ఊపితే రమ్మనే అర్థం. మీ ఊరొక్కటే తిరగేసి పెట్టుకుంటే నా తప్పా?" అన్నాడు.

ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. "సరే, పొరపాటు రెండువైపులా ఉంది."

అప్పుడు తెడ్లత్త మాట్లాడింది. ఆమె మాట్లాడకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

"నావైపు కూడా ఉంది" అంది. "పొగ లేదని ముందే చూడాల్సింది. అరగంట ఊరికే కూర్చున్నాను. ఆ అరగంట నాదే."

ఆ గదిలో తప్పు ఒప్పుకున్నది ఆమె ఒక్కతే. దాన్నే పట్టుకున్నారు. "చూశారా, ఆవిడే ఒప్పుకుంటోంది" అని ప్రెసిడెంటు కాగితం మీద రాయించాడు. ఊరివాళ్ళను, కట్టెలను ఆమె పడవ తేవచ్చు. చూడటానికి వచ్చేవాళ్ళను మాత్రం ఇకమీదట మోటారు బోటే తీసుకెళ్ళాలి. బోర్డు మాట ఆ కాగితంలో లేదు. దుప్పటి మాట లేదు. అల్లుడుగారు చేతులు దులుపుకుని లేచాడు. నా పక్క నుంచి పోతూ, "రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు. ఆ దుప్పటి కూడా నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు.

ఇప్పుడు నేను టైలర్ మామ దగ్గర కాజాలు కుడుతున్నాను. కిటికీలోంచి రోజూ చూస్తుంటాను. మోటారు బోటు పది నిమిషాల్లో అవతలికి పోతుంది. ఆ చప్పుడుకు డేగ గూడు వదిలేసింది. జింకలు నీళ్ళకు రావడం మానేశాయి. ఎక్కినవాళ్ళకు అక్కడ ఏం చూడాలో చెప్పేవాళ్ళు లేరు. వాళ్ళకు చూడటానికి మిగిలింది తెడ్లత్త ఒక్కతే. రేవు దాటేటప్పుడు బోటు నెమ్మది చేసి, "అదిగో, ఆవిడే" అని చూపిస్తారు. అందరూ ఫోన్లెత్తుతారు. ఆమె తల తిప్పుకోదు. ముప్పై ఏళ్ళుగా మనుషుల ముఖాలు చూస్తూ పడవ నడిపింది కదా, ఇప్పుడూ అలాగే చూస్తుంది. ఆ చూపును కూడా పొగరంటున్నారు.

పోయినవారం ఆమె పడవ బోర్లించి, పలకల సందుల్లో తారు పూస్తుంటే డబ్బా పట్టుకోవడానికి వెళ్ళాను. 

"ఆ టోపీవాడికి ఒక్క ఉత్తరమైనా రాస్తానత్తా. వాడు ఒక్క మాట చెబితే చాలు."

"ఏమని చెబుతాడే? గుడిసె తలుపు తోసి చూడలేదని చెప్పుకుంటాడా?" అంది కుంచె ముంచుతూ. "సిగ్గుపడుతున్నాడేమోలే పాపం."

"పాపమా! సిగ్గుంటే ఆ వీడియో తీసేసేవాడు. అయినా నాకు అర్థం కాదు, అందరూ మెడదాకా తడిసి దిగారు కదా. వాడి ఫోనెలా బాగుంది?"

ఆమె తారు పూయడం ఆపలేదు. "వాడి చేతులు వణుకుతున్నాయి. నీళ్ళలో పడేసేట్టున్నాడు. అందులో వాళ్ళమ్మ ఫొటోలున్నాయి ఆంటీ అని ఏడ్చాడు. ఇలా ఇవ్వమన్నాను."

"తీసుకుని?"

"ఏముంది, మీ మామ నా కోటుకు లోపల మైనపు గుడ్డ జేబు కుట్టాడుగా. అందులో వేసుకున్నాను. ఒడ్డెక్కాక ఇచ్చేశాను. ఆ డబ్బా ఇటు వంచు, అడుగున గడ్డకడుతోంది."

డబ్బా వంచాను. ఆమెకు అది చెప్పుకోదగ్గ సంగతిగా కూడా తోచలేదు. కమిటీ గదిలో చెప్పలేదు, మామతో కూడా చెప్పలేదు. వచ్చినవాళ్ళంతా నాకు ఆ కథ చెబుతున్నారు కాబట్టి, అందులో లేని ముక్క నేను చెబుతున్నాను. తెడ్లత్త టీ తాగుతున్న ఆ వీడియో సరస్సు దాటి ఇవతలికి వచ్చింది తెడ్లత్త పడవలో, ఆమె కోటు జేబులో, తడవకుండా.